పొన్ను మీద ముద్ర

కత్తి చేతికిస్తే మనిషి ముందు ఏం చూస్తాడు? పదును చూస్తాడనుకుంటాం. పెద్దల్లుడు కూడా అలాగే అనుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అనుకుంటూ, పంతొమ్మిదేళ్ళుగా భంగపడుతూ వస్తున్నాడు.

వచ్చినవాడు వేటగాడు కానీ, అడవి కాపలా ఉద్యోగి కానీ, సెలవు దొరికితే చాలు కొండలెక్కే బ్యాంకు గుమాస్తా కానీ, అందరిదీ ఒకటే తంతు. కత్తిని ఒరలోంచి తీస్తాడు. పిడికిట్లో బిగిస్తాడు. కళ్ళు అరమూసి, "అబ్బ! ఏం పిడండీ! నా చేతితోపాటే పుట్టినట్టుంది!" అంటాడు. అంతే. పిడికి అవతల జానెడు ఉక్కు ఒకటి ఉందనీ, కోసేది అదేననీ ఎవరికీ తోచదు.

ఆ ఉక్కును కాల్చి, కొట్టి, పదును పెట్టేవాడు పెద్దల్లుడు. ఆ పిడి వేసేవాడు చిన్నల్లుడు. ఇద్దరూ తోడల్లుళ్ళు, ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కత్తి మీద పనిచేస్తారు. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత పుట్టిన ఇల్లు ఇదేనేమో అని పెద్దల్లుడికి గట్టి అనుమానం.

ఆ ఇల్లు కట్టిన తీరులోనే అన్యాయముంది. వీధి వైపు గదికి పెద్ద కిటికీ, గాలి, వెలుతురు. చిన్నల్లుడి బల్ల అక్కడ. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి మెత్త వేసిన కుర్చీ కూడా అక్కడే. గదంతా కోసిన కలప వాసన. దాని వెనక వంటగది, అది దాటితే రేకుల షెడ్డు. కొలిమి, దాగలి, నూనె తొట్టి, మసి, పెద్దల్లుడు అన్నీ అక్కడ. ముందు గదిలో పొగడ్త, వెనక షెడ్డులో పొగ. పొగడ్త ఎప్పుడూ వంటగది దాటి రాదు. పొగ మాత్రం ముందు గది దాకా వెళుతుంది, "తలుపేసుకోండి అన్నయ్యా" అని చిన్నల్లుడు కేకేసేవరకూ.

పైగా చిన్నల్లుడికి ఒక పద్ధతుంది. కత్తి చేయించుకోవడానికి వచ్చిన మనిషి చేతికి నిమ్మకాయ కన్నా కాస్త పెద్ద తడి మట్టి ముద్ద ఇస్తాడు. "ఊరికే పట్టుకోండి. గట్టిగా వద్దు. పక్కింటాయనతో మాట్లాడుతూ గిన్నె పట్టుకున్నట్టు పట్టుకోండి" అని కబుర్లలోకి దింపుతాడు. అరగంట పోయాక ఆ ముద్ద మీద వేళ్ళు, అరచెయ్యి, బొటనవేలు ఎక్కడ ఆనుతాయో అచ్చు పడుతుంది. దాన్ని నీడన ఆరబెట్టి అరలో పెట్టుకుని, ఆ కొలతకు చెక్క చెక్కుతాడు. ముద్ద మీద పేరు రాయడు.

"పేరెందుకు అన్నయ్యా? చెయ్యి చూస్తే మనిషి గుర్తొస్తాడు."

పెద్దల్లుడికి ఆ మాటకే అరికాలిమంట నెత్తికెక్కేది. మనుషుల్ని చేతులతో గుర్తుపడతాడట! ఇక్కడ తనను మొహం చూసి కూడా ఎవడూ గుర్తుపట్టడు. ఒకసారి పాత వేటగాడొకడు వాకిట్లో తనని చూసి, "ఏమోయ్, కత్తులు చేసే ఆయన లోపలున్నాడా?" అని అడిగాడు. ఆ మాట కడుపులో పడి ఏడేళ్ళయింది, ఇంకా అరగలేదు.

ఇద్దరి మీదా పెత్తనం అత్తగారిది. మామగారు ఈ పని మొదలుపెట్టిన మనిషి. ఆయన పోయాక ఆయన ముద్ర ఆవిడ చేతికొచ్చింది. చిటికెన వేలంత ఉక్కు కడ్డీ, దాని కొసన చిన్న పిట్ట బొమ్మ. బ్లేడుకీ పిడికీ మధ్య బిగించే ఇత్తడి పొన్ను మీద ఆ కడ్డీ నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పిట్ట పడుతుంది. పిట్ట పడని కత్తి గడప దాటదు. పడాలంటే ముందు ఆవిడ పరీక్ష దాటాలి. ఎండుకట్టె మీద బ్లేడు ఆనించి, దాని వీపున మరో కట్టెతో బాది చీలుస్తుంది. చీలిన పుల్లను ఉల్లిపొరంత పలచగా గీసి, ఆ గీతలతో పొయ్యి అంటిస్తుంది. తాడు కోస్తుంది. తర్వాత ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని అంచును కిటికీ వెలుగుకు పట్టి చూస్తుంది. అంచు మీద ఎక్కడైనా చుక్కంత మెరుపు కనబడితే అక్కడ పదును పోయినట్టే. "మళ్ళీ కొలిమికి" అంటుంది. ఆ ముద్ర కడ్డీని ఆవిడ కళ్ళజోడు పెట్టెలో దాస్తుంది. ఆవిడ పడుకున్నప్పుడు కూడా ఆ పెట్టె దిండు కిందే.

ఈ మధ్య ఆవిడ చెయ్యి వణుకుతోంది. వరసగా మూడు కత్తుల మీద పిట్ట రెండు ముక్కులతో పడింది. మూడోది తీసుకెళ్ళిన వేటగాడు నవ్వుతూ, "కవల పిల్లలా అమ్మగారూ?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు భోజనాల దగ్గర చెప్పేసింది.

"ఇంకో కత్తి పరీక్ష చేస్తాను. ఆ అడవి మేడంగారిది. దాని తర్వాత ముద్ర మీ ఇద్దరిలో ఒకరికిచ్చేస్తాను. ఎవరికన్నది ఆ కత్తి చూశాక చెప్తాను."

పెద్దల్లుడి చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ముద్ర తనకే రావాలి. పిట్ట తన చేతిలో ఉంటే ఇక ఎవడూ "కత్తులు చేసే ఆయన లోపలున్నాడా" అనడు. వాడికి వెళ్ళిందో, ఇక తను జన్మంతా వాడి కొలిమి కూలీ!

అడవి మేడం అంటే కొండ అడవుల్లో దారి తప్పినవాళ్ళను వెతికే బృందానికి పెద్ద. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం, చిన్న చేతులు. ఆవిడ వచ్చిన రోజు పెద్దల్లుడు మంచినీళ్ళకు వంటగదిలోకి వచ్చినట్టు వచ్చి, తలుపు సందులోంచి చెవి ముందు గదిలోకి సాచాడు. నాలుగుసార్లు మంచినీళ్ళు తాగాడు.

"కొట్లో కొన్న కత్తండీ అది," అంటోంది మేడం. "చూడ్డానికి భలే ఉంటుంది. వానలో కట్టె చీలుస్తుంటే పిడి దగ్గర పుటుక్కుమంది. లోపల ఉక్కు తోక నా వేలంత కూడా లేదు. దొరికిన మనిషికి కాలు విరిగింది, ఒళ్ళంతా చలి. నిప్పు లేకుండా రెండు రోజులు మోసుకొచ్చాం."

"అయ్యయ్యో! మా దగ్గర ఉక్కు తోక పిడి చివరిదాకా వస్తుందండీ. ఈ ముద్ద పట్టుకోండి. ఆ... అలాగే. మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయి?" అంటున్నాడు చిన్నల్లుడు.

చూశారా! ఉక్కు తోక ఎవడు సాగదీస్తాడో చెప్పాడా? చెప్పలేదు. వానల గురించి అడుగుతున్నాడు. పెద్దల్లుడు షెడ్డులోకి వెళ్ళి చల్లారిన ఇనుమును రెండు దెబ్బలు కొట్టాడు.

ఆయన భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏమండీ, ఏదో మాడుతున్న వాసన."

"కొలిమి."

"కొలిమి ఆరి గంటయింది."

"అయితే నువ్వు పొయ్యి మీదేదో పెట్టి మర్చిపోయుంటావు."

"నేనేం పెట్టలేదు. మాడేది లోపలెక్కడో ఉంది," అని ఆయన ఛాతీ వైపు ఓ చూపు చూసి వెళ్ళిపోయింది. కాపురం చేసిన మనిషికి తెలియదూ!

ఆ కత్తికి పెద్దల్లుడు పెట్టిన శ్రద్ధ ఇంతా అంతా కాదు. లారీ కమాను పట్టా ముక్క తీశాడు. ఎర్రగా కాల్చి, కొట్టి, మళ్ళీ కాల్చి, జానెడుకు రెండు వేళ్ళు తక్కువ బ్లేడు సాగదీశాడు. జంతువు తోలు ఒలిచే వేట కత్తయితే పలచగా, పొట్ట దగ్గర గుండ్రంగా చేసేవాడు, మొన గుచ్చుకుని లోపలి పేగు చిట్లకుండా. ఇది అడవిలో బతికి బయటపడటానికి. వీపు మందంగా ఉండాలి, బాదితే ఓర్చుకోవాలి. వీపు అంచులు పలకలుగా ఉంచాడు, నిప్పు కడ్డీ గీస్తే రవ్వలు రాలాలని. అయస్కాంతం అంటుకోనంతగా కాల్చి నూనెలో ముంచాడు. అక్కడితో ఆపితే ఉక్కు గాజులా పెళుసు. మళ్ళీ సన్నని సెగ మీద ఎండుగడ్డి రంగు తేలేదాకా కాచి, నిదానంగా చల్లార్చాడు. ఆకురాయి ఆనిస్తే జారిపోయింది. పదును సరిగ్గా పట్టిందన్నమాట.

సరిగ్గా ఆ రోజే చిన్నల్లుడు, భార్య కలిసి కలప తేవడానికి పక్కూరి అడితికి ప్రయాణమయ్యారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "మూడు రోజుల్లో వచ్చేస్తాం అన్నయ్యా. మేడంగారి ముద్ద ఇంకా ఆరుతోంది. వచ్చాక పిడి నేను చూసుకుంటా," అన్నాడు.

నేను చూసుకుంటా! ఆ 'నేను' ముల్లులా దిగింది. పెద్దల్లుడు షెడ్డులో కూర్చుని ఆలోచించాడు. పిడి వెయ్యడం ఏం బ్రహ్మవిద్యా? చెక్క ఇనుము కన్నా మెత్తనేగా? కత్తి మొత్తం ఒక్కచేత్తో చేసి అత్తగారి ముందు పెడితే, ముద్ర ఇంకెవరికిస్తుంది?

మర్నాడు పొద్దున్నే ముందు గదిలోకి వెళ్ళాడు. వెళ్ళి ఏం చేశాడనుకున్నారు? మెత్త కుర్చీలో కూర్చున్నాడు. గాలి బాగా వచ్చింది. ఇంకా కుళ్ళు పుట్టింది. లేచి అర చూశాడు. పాతిక ముద్దలు వరసగా ఉన్నాయి. మేడం ఆఖరున వచ్చిన మనిషి, కాబట్టి ఆఖరు ముద్ద ఆవిడదే. లెక్క తేలిపోయింది. ఆ ముద్ద పట్టుకుని చూశాడు. వేళ్ళ గుంటలు లోతుగా, బలంగా ఉన్నాయి. 'అడవిలో తిరిగే మనిషి పట్టు మరి!' అనుకున్నాడు.

రెండు రోజులు చెక్కాడు. గట్టి ఎర్ర చెక్క తీసి, మధ్యలో తోకకు తొర్ర తొలిచి, ఇత్తడి పొన్ను బిగించి, ముద్దలో ఉన్న ప్రతి గుంటనూ ఉన్నదున్నట్టు దింపాడు. చివర ఉక్కు తోకను బయటికి లాగి కొట్టి అణిచాడు. నూనె రాసి, పిడికిట్లో బిగించాడు.

ఆహా! ఒక్కొక్క వేలూ వెళ్ళి దాని గుంటలో అది పడింది. తాళానికి తాళంచెవి కుదిరినట్టు కుదిరింది. పెద్దల్లుడికి కళ్ళు చెమర్చాయి. 'నా చేతికే ఇంత బాగుంటే, కొలతిచ్చిన మేడం చేతికి ఇంకెంత బాగుండాలి!'

"మరిదిగారొచ్చాక వేస్తారుగా, మీకెందుకండీ ఈ తంటా?" అంది భార్య.

"ఏం, నేను వేస్తే చెక్క ఏడుస్తుందా?"

"చెక్క ఏడవదులెండి," అని ఆవిడ ఊరుకుంది.

మూడో రోజు పొద్దున చిన్నల్లుడు కలప దించుతుండగానే మేడం కూడా వచ్చేసింది. వానలు ముందే పడేలా ఉన్నాయట. అత్తగారు కళ్ళజోడు పెట్టె చేతపట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పెద్దల్లుడు కత్తిని గుడ్డలో చుట్టి తెచ్చి, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"పిడి కూడా నేనే వేశాను అత్తయ్యగారూ."

చిన్నల్లుడు దించుతున్న దుంగ భుజం మీదే ఉండిపోయింది. "మీరా అన్నయ్యా? ఏ ముద్దతో?"

"మేడంగారి ముద్దతోనే. నీకొక్కడికే తెలుసా పిళ్ళు వెయ్యడం?"

"నా కత్తి నేనే చూసుకుంటానమ్మా," అని మేడం కత్తి అందుకుంది. పెద్దల్లుడు ఆ 'అబ్బ' కోసం చెవులు రిక్కించాడు. మేడం పిడికిలి బిగించింది. విప్పింది. మళ్ళీ బిగించింది. 'అబ్బ' రాలేదు.

కట్టె తీసుకుని చీల్చడం మొదలుపెట్టింది. నాలుగు కట్టెలు చీలాయి. పుల్ల గీసింది. తాడు కోసింది. కత్తి వీపు మీద నిప్పు కడ్డీ గీస్తే రవ్వలు జలజల రాలాయి. తర్వాత చెయ్యి నీళ్ళ బక్కెట్లో ముంచి, తడిచేత్తో కత్తి పట్టి, తిప్పి మరోలా పట్టుకోబోయింది. అది చేతిలోంచి జారి, మొన నేలలో దిగబడి నిలబడింది.

మేడం అరచెయ్యి చాపి చూపింది. వేళ్ళ సందుల్లో ఎర్రగా కమిలిపోయింది. "ఏమనుకోకండి. ఇది నా చెయ్యి కాదు. గుంటలు ఎడంగా, మరీ లోతుగా ఉన్నాయి. ఒక్కలాగే పట్టుకోనిస్తోంది. కట్టె చీల్చేటప్పుడు ఒకలా పడతాం, గీసేటప్పుడు ఒకలా పడతాం. వాన, చెమట, రక్తం... అడవిలో చెయ్యి పొడిగా ఉండేదెప్పుడు?"

"అదేంటి? నా చేతికి బ్రహ్మాండంగా..." అని పెద్దల్లుడు నాలిక్కరుచుకున్నాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. "ఏదీ, పట్టుకోండి పెద్దల్లుడుగారూ."

పట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అయిదు వేళ్ళూ అయిదు గుంటల్లో దిగిపోయాయి. చిన్నల్లుడు దగ్గరకొచ్చి చూసి, మెల్లగా అన్నాడు.

"ఇది మీ ముద్దే అన్నయ్యా. పోయిన వానాకాలంలో, ఆ పాత వేటగాడు నా బల్ల దగ్గర అరగంట కూర్చుని పిడిని తెగ మెచ్చుకుంటున్నాడు చూడండి, అప్పుడు మీరు పటకారు కోసమని లోపలికొచ్చారు. ఓసారి పట్టుకోండన్నయ్యా అని మట్టి మీ చేతిలో పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చేసేలా నలిపారు. ఇన్నేళ్ళలో మీకంటూ ఒక కత్తి లేదు, పండు కూడా విరిగిన రంపం ముక్కతో కోసుకుంటారు. ఒకటి చేద్దామని అర చివరన దాచాను. కానీ ఆ రోజెందుకో మీరు మంట మీదున్నారు. ఆ అచ్చుతో వేస్తే పిడి పనికిరాదని ఊరుకున్నా. మేడంగారిది అరలో లేదు, బీటలు పడకుండా బల్ల కింద తడిగుడ్డలో ఉంది."

పెద్దల్లుడి భార్య కొంగలా మెడ సాచి గుమ్మంలోంచి చూస్తోంది. చెల్లెలు ఆవిడ చెవిలో ఏదో అంటే మోచేత్తో పొడిచింది.

ఇక్కడ పెద్దల్లుడికి సిగ్గు పుట్టాలి కదా? పుట్టింది. కానీ దాని నెత్తినెక్కి ఇంకోటి కూర్చుంది. 'చూడు, మంచితనంలో కూడా వాడే ముందున్నాడు! నాకు కత్తి చేద్దామని వాడికి తోచింది. వాడికేదైనా చేద్దామని నాకు తోచిందా? దీంట్లోనూ వాడే గెలిచాడు!'

అప్పుడు మేడం ఆయన చేతిలోంచి కత్తిని అందుకుని, బ్లేడును ఎండకు పట్టింది.

"పిడి సంగతి అలా ఉంచండి. ఈ బ్లేడెవరిదండీ? నాలుగు కట్టెలు చీల్చాను, నేలలో కూడా దిగబడింది. అంచు మీద ఎక్కడా చుక్క మెరుపు లేదు. నేను ఇరవయ్యేళ్ళుగా కత్తులు పట్టుకుంటున్నాను, ఇలాంటి ఉక్కు చూడలేదు."

పంతొమ్మిదేళ్ళ కరువు తీరా వాన పడ్డట్టయింది పెద్దల్లుడికి. 'నాదే' అనబోయి ఆగాడు. ఆ మాట వినడానికి పిడి చెడిపోవలసి వచ్చిందని అప్పుడే తట్టింది మరి. చిన్నల్లుడి పిడి చేతిలో ఉంటే ఎవరూ ఆగి బ్లేడు వైపు చూడరు. ఇబ్బంది లేదు గనక.

"అన్నయ్యదేనండీ," అన్నాడు చిన్నల్లుడు. అదీ వాడే చెప్పాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టె తెరిచింది.

"పెద్దల్లుడుగారూ, మీ మామగారు కూడా కుళ్ళుకునే మనిషే. పక్క వీధి కొలిమిలో సుత్తి మోగితే అన్నం సయించేది కాదు ఆయనకి. అది నేను పట్టించుకోను. కానీ ఎవరి చెయ్యో అడక్కుండా మీరు పిడి వేశారు. ఆ కత్తి చూడకుండా అడవికెళ్ళుంటే ఎవరి వేళ్ళు తెగేవి?" అని ముద్ర కడ్డీ తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టింది.

అంతే. అయిపోయింది. పెద్దల్లుడు షెడ్డులోకి వెళ్ళి నూనె తొట్టి పక్కన కూర్చున్నాడు.

చిన్నల్లుడు పాత పిడి ఊడదీసి, తడిగుడ్డలోని ముద్ద తీసి, రెండు రోజుల్లో కొత్త పిడి వేశాడు. మేడం దగ్గర్లోనే సత్రం గదిలో దిగి, మూడో రోజు సంచి సర్దుకుని వచ్చింది. ఇక పిట్ట కొట్టడమే తరువాయి. చిన్నల్లుడు ముందు ఒక ఇత్తడి ముక్క మీద కొట్టి చూసుకున్నాడు. టక్. పిట్ట తోకే పడింది. మళ్ళీ కొట్టాడు. తల పడింది, ఒళ్ళు లేదు. మూడోసారి సుత్తి జారి బొటనవేలి మీద పడింది.

"అబ్బా!"

ఆ 'అబ్బా' వెనక షెడ్డు దాకా వినబడింది. పెద్దల్లుడు లేచి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. చూస్తుంటే కడుపులో ఎంత చల్లగా ఉందో! జన్మలో సుత్తి పట్టని చెయ్యి. మణికట్టు వదులు, దెబ్బ ఏటవాలు. నాలుగోసారి పిట్ట పడుకుని పడింది.

"చచ్చిపోయిందా పాపం?" అన్నాడు పెద్దల్లుడు.

"అన్నయ్యా, మీరు నవ్వకండి. బస్సు టైమవుతోంది ఆవిడకి."

ఇంకో దెబ్బ చూద్దామనే ఉంది ఆయనకి. కానీ వాడు ఇత్తడి ముక్క పక్కన పడేసి, అసలు కత్తి తీసి, పొన్ను మీద కడ్డీ నిలబెట్టాడు. ఆ ఏటవాలు దెబ్బ తన బ్లేడు భుజం మీద పడితే? పెద్దల్లుడు రెండంగల్లో బల్ల దగ్గరున్నాడు.

"ఆగు ఆగు ఆగు! నా ఉక్కు మీద ప్రయోగాలా? కడ్డీ నువ్వు పట్టుకో. నిటారుగా. ఊపిరి తియ్యకు. సుత్తి ఇటు తే."

ఠంగ్! ఒక్క దెబ్బ. ఒక్క ముక్కుతో, రెండు రెక్కలతో, కంటి చుక్కతో సహా పిట్ట పడింది.

అత్తగారు దగ్గరికి పట్టి చూసింది. "ముద్ర ఒకరికే ఇచ్చాను. సుత్తి సంగతి నేనేమీ అనలేదుగా," అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పెద్దల్లుడు సుత్తి పట్టుకుని మేడం మొహంలోకి చూశాడు. ఉక్కు విలువ తెలిసిన మనిషి! మేడం కత్తి అందుకుంది. పిడికిలి బిగించింది. కళ్ళు అరమూసింది.

"అబ్బ! ఏం పిడండీ!"

పెద్దల్లుడు మరో మాట లేకుండా షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఊడదీసిన ఎర్రచెక్క పిడి పారెయ్యలేదు. చిన్నల్లుడే దాన్ని ఒక పాత వేట బ్లేడుకు బిగించి కొలిమి పక్క మేకుకు తగిలించాడు. పెద్దల్లుడు ఇప్పుడు పండ్లు దాంతోనే కోసుకుంటాడు. మామూలుగా పట్టుకుంటే గుంటలు కుదరవు, వేళ్ళు అటూ ఇటూ వెతుక్కుంటాయి. రోజుకు రెండు మూడుసార్లు మాత్రం అచ్చు గుద్దినట్టు కుదురుతుంది. ముందు గదిలో మెత్త కుర్చీ కిర్రుమని, ఎవరో ఒకరు "అబ్బ" అన్నప్పుడు.